నీలం మూల

గురువారం రాత్రి ఫోన్ మోగిందంటే
శనివారం ఎక్కడో ఓడిపోవాలని అర్థం.
"నూట నలభై ఏడులో ఉన్నాడా?" అంటుంది అవతలి గొంతు.
ఉన్నాడంటాను. ఇంకో రెండు పౌండ్లు దిగాలని చెప్పను.
ఆ రెండూ వ్యానులో హీటర్ పెంచి, మూడు స్వెట్టర్లు తొడిగి,
గ్రిమ్స్‌బీ నుంచి డాన్‌కాస్టర్ దాకా చెమటగా కార్పించేస్తాం.

రాయిస్టన్ యాపిల్‌గార్త్. వెల్టర్‌వెయిట్.
పద్నాలుగు గెలుపులు, నూట పదిహేడు ఓటములు, ఐదు సమానం.
నా ఎర్రట్ట నోటుపుస్తకంలో అన్నీ ఉన్నాయి.
వాడికి లెక్క తెలీదు, అడగడు కూడా.
ఆ పద్నాలుగులో పదమూడు మొదటి రెండేళ్ళవి.
తర్వాత మేనేజరు పోయాడు, జిమ్ పైకప్పు కూలింది,
ఎడమ కనుబొమ మీద చర్మం
తడిసిన కాగితంలా అయిపోయింది.

ఎర్ర మూలలో ఎప్పుడూ ఆ ఊరి కుర్రాడే.
టిక్కెట్లు అమ్మినవాడు, పేరు కుట్టించుకున్న నిక్కరు,
మొదటి వరసలో మేనత్తలు, బీరు గ్లాసులు.
నీలం మూలలో మేం: ఒక బకెట్టు, ఒక స్పంజి,
వాజలీన్ డబ్బా, నా మోకాలి నొప్పి.
పేరు పిలిచేవాడు ఒక్కోసారి యాపిల్‌యార్డ్ అంటాడు.
వాడు దానికీ చెయ్యెత్తుతాడు.

ఓడటం అందరికీ వచ్చనుకుంటారు.
రాదు.
తగలని దెబ్బ కూడా తగిలినట్టు కనపడాలి,
తగిలేదానికి దవడని అంగుళం పక్కన ఉంచాలి,
కుర్రాడికి ఆయాసమొస్తే కావిలించుకుని ఊపిరి అప్పివ్వాలి,
చెవిలో మెల్లగా
"ఎడమ చెయ్యి ఎత్తు నాయనా, ఎత్తు" అనాలి.
పడిపోకూడదు. పడితే ఇరవై ఎనిమిది రోజులు
బోర్డు బరిలోకి రానివ్వదు.
ఇరవై ఎనిమిది రోజులంటే గ్యాసు బిల్లు,
కూతురు బెథనీ పళ్ళకి తీగ.
నాలుగు రౌండ్లు, నలభై, ముప్పై ఆరు.
రిఫరీ అటువాడి చెయ్యి ఎత్తుతాడు,
నేను ఇటు గ్లవ్స్ టేపు కత్తిరిస్తుంటాను.
సోమవారం తెల్లారి నాలుగింటికి రేవులో
వాచిన వేళ్ళతోనే హాడక్ చేపలు కోస్తాడు.
ఐసు వాపుకి మంచిదంటాడు.

ఒక్కసారి తప్పు జరిగింది. రాదరమ్‌లో, మూడో రౌండు.
కుర్రాడికి పందొమ్మిది. చెప్పినా వినలేదు, చెయ్యి దించాడు.
రాయిస్టన్ కుడిచెయ్యి దానంతటదే వెళ్ళింది,
కాలే పెనం మీంచి వెనక్కొచ్చే వేలంత వేగంగా,
కాకపోతే ముందుకి.
హాల్లో ఎవరి గ్లాసో కింద పెట్టిన చప్పుడు కూడా వినపడింది.
వాళ్ళమ్మ కుర్చీ తోసుకుని లేచింది.
వీడు మోకాళ్ళ మీద కూర్చుని
పిల్లాడి నోట్లోంచి గార్డు తీస్తున్నాడు.
గంతేసింది నేనొక్కణ్ణే. సిగ్గులేకుండా.
బకెట్టు దొర్లి నీళ్ళన్నీ జడ్జీల కాళ్ళ మీద.
పదకొండు వారాలు ఫోన్ మోగలేదు.
గెలిచే మనిషి ఎవరిక్కావాలి?

ఏటా లైసెన్సు ముందు హల్‌లో తలకి స్కానింగు.
డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి
ఐదు నిమిషాలు అవీ ఇవీ మాట్లాడి మళ్ళీ అడిగేది.
కుర్చీ. నిమ్మకాయ. నాణెం.
ప్రతి ఏడూ అవే. మార్చకపోవడం బద్ధకమో, దయో.
తిరుగుదారిలో హంబర్ వంతెన దాటేదాకా
వాడు అవే గొణిగేవాడు.
రేడియో పెట్టబోతే నా చెయ్యి పట్టుకునేవాడు.

ముప్పై తొమ్మిదికి మానేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.
ఇప్పుడు రేవు దగ్గర చిన్న చేపల కొట్టు.
శుక్రవారాలు వెళ్తాను. హాడక్ తూచి కాగితం చుడుతూ
నేనడక్కుండానే అంటాడు,
కుర్చీ, నిమ్మకాయ, నాణెం.
నేను తలూపుతాను.

పోయిన శుక్రవారం రెండే అన్నాడు.
చేప పక్కన నిమ్మకాయ పెట్టాడు, నోటు తీసుకున్నాడు,
చిల్లరలోంచి ఒక పౌండు బిళ్ళ తీసి
వేళ్ళ మధ్య తిప్పుతూ
అటూ ఇటూ చూస్తూ ఉండిపోయాడు.
వెనక వరసలో ఎవరో దగ్గారు.

మూలలోంచి అరవడం నా పని.
పద్దెనిమిదేళ్ళు అదే చేశాను.
మాట గొంతుదాకా వచ్చింది.
అరవలేదు.