గోటిసందు

కూర్చో లువామ్. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు విరిగింది,
ఈ డబ్బా మీద.
మెదెబెర్‌లో ఈ పొద్దు రేకులు కొట్టేవాళ్ళు జోరు మీదున్నారు,
కాస్త గట్టిగా చెప్తాను, కోప్పడుతున్నాననుకోకు.

ఇరవై మూడు కావాలంటావు.
ఇరవై మూడు మిల్లీమీటర్లు, నా బొటనవేలంత టైరు.
మీ మేనమామ కిఫ్లోమ్ దాని మీదే గెలిచాడంటావు.
నిజమే. ఎక్కించింది నేనే,
వేలితో కొడితే ఖంగుమనేదాకా గాలి పట్టించిందీ నేనే.
సన్నదైతే పరుగు, గట్టిదైతే ఇంకా పరుగు.
నలభై ఏళ్ళు ఇదే చెప్పాను, ఎక్కం అప్పజెప్పినట్టు.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఆ రోజు పందెం అయ్యాక కిఫ్లోమ్ ఎవరికీ చెయ్యి కలపలేకపోయాడు.
వేళ్ళు ముడుచుకునే ఉండిపోయాయి,
హ్యాండిల్ ఇంకా వాటిలో ఉన్నట్టు.
కాఫీ గిన్నె నేను పట్టుకుంటే తాగాడు.
గెలుపంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాం ఇద్దరం.

రోడ్డు అద్దంలా ఉంటే నీ మాటే నెగ్గేది,
అప్పుడు ఎవరి బండైనా నల్లేరు మీద నడకే.
నువ్వు దిగేది మస్సావా దారి.
అర్బారోబా దగ్గర పొగమంచులో మలుపే కనబడదు,
మలుపులో రాలిన కంకర మాట చెప్పాలా?
నెఫాసిత్ దాటితే పెచ్చులూడిన తారు.
గిండా దగ్గర ఎండకి మెత్తబడి,
లారీలు తొక్కి తొక్కి, అలలు తేలిన తారు.
గట్టి టైరు రాయి రాయికీ ఎగురుతుంది.
ఎగిరినంతసేపూ నువ్వు ముందుకి పోవట్లేదమ్మా,
పైకి పోతున్నావు.
తొక్కిన తొక్కుడంతా మణికట్లకీ పళ్ళకీ ఖర్చు.

వెడల్పుది రాయిని లోపలికి తీసుకుంటుంది,
ఒక్క క్షణం ఉంచుకుని వదిలేస్తుంది,
మా అమ్మ చుట్టుపక్కలవాళ్ళ మాటలు విన్నట్టు.

ఇదిగో, ఇరవై ఎనిమిది. ఒక్కటే జత.
అస్మారా అంతా గాలించినా రెండోది దొరుకుతుందని చెప్పలేను.
పందేనికొచ్చిన పరాయి దేశపు కుర్రాడు వదిలేసి పోతే
రెండేళ్ళుగా పిండిసంచీలో దాచాను.
వాసన చూడు. చూశావా.

ముందు చక్రానికి ఎక్కిద్దాం. తిప్పు.
ఫోర్కుకీ టైరుకీ మధ్య ఈ నక్ఫా బిళ్ళ దూరుతోంది,
రెండు కలిపినా దూరుతోంది. బాగు.
ఇప్పుడు వెనక్కి. తిప్పు.
ఆగు.
వినబడిందా? పిండి జల్లించినట్టు, సన్నగా?
బిళ్ళ దూరదు. గోరు కూడా దూరదు.
ఈ ఫ్రేము చేసినవాడు నీ తారునీ చూళ్ళేదు, నా బుద్ధి మారడమూ చూళ్ళేదు.
తడి కంకర ఒక్కటి టైరుకి అంటుకొచ్చి ఇరుక్కుంటే చాలు,
చక్రం ఆగిపోతుంది, నువ్వు ఆగవు.

కాబట్టి వెనక ఇరవై అయిదు.
అవును, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులే.
నవ్వేవాళ్ళని నవ్వనీ,
మొదటి పది కిలోమీటర్లకి మించి ఊపిరి మిగలదు వాళ్ళకి.

నీ బరువెంత?
సిగ్గెందుకు, నేనేం సంబంధం మాట్లాడట్లేదు.
యాభై ఒకటి. అయితే వెనక అయిదు బార్లు, ముందు నాలుగు.
పంపు ముల్లు విరిగి ఏడాదైంది, నా బొటనవేలే ముల్లు.
నువ్వూ నొక్కి చూడు, గట్టిగా. గుర్తుపెట్టుకో.
రేపు దారిలో నా వేలు ఉండదు.
ఇంతకంటే మెత్తనైతే రిమ్ము రాయికి తగిలి
ట్యూబుకి పాము కరిచినట్టు రెండు గాట్లు పడతాయి.

సముద్రం కనబడ్డాక ఫోన్ చెయ్యి.
ఎన్నో స్థానం అని అడగను.
కాఫీ గిన్నె ఎవరు పట్టుకున్నారని అడుగుతాను.

డబ్బులు తర్వాత చూద్దాంలే.
ఆ ఇరవై మూడు మాత్రం ఇక్కడ పడేసి పో,
పక్క సందులో చెప్పులు కుట్టేవాడున్నాడు.
అడుగుకి చాలవు.
పట్టీలకి సరిపోతాయేమో అడుగుతాను.