స్టేషన్ ఏడు

నా సిద్ధాంత గ్రంథం పేరు
ఇంగ్లీషులో రెండున్నర వరుసలు.
తెలుగులో చెప్పమని అమ్మ ఒకసారి అడిగింది.
"సముద్రం గురించి" అన్నాను.
"అది నాకూ తెలుసు" అంది,
చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

ఎర్ర రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, అయిదు ప్రతులు.
ఒకటి మా గైడు బీరువాలో.
ఒకటి యూనివర్సిటీ లైబ్రరీలో
'బయటికి ఇవ్వబడదు' అన్న చీటీతో.
దాన్ని చివరిదాకా చదివింది
పుస్తకాల పురుగొక్కటే, నిజం పురుగే,
నూట పన్నెండో పేజీలో చిల్లు చూశాను.

ప్రాజెక్టు కాగితాల్లో ఆఖరి గడి మిగిలింది:
ప్రజలకు తెలియజేయుట.
అది నింపడానికి
చినవాల్తేరు దిగువకి ప్రొజెక్టరు మోసుకుంటూ
పెదజాలరిపేట కమ్యూనిటీ హాలుకి వెళ్ళాను.

ముప్పై నాలుగు మంది. ఒక మేక.
"ఆక్సిజన్ సాంద్రత" అన్నాను.
ఏ సిలిండరు గుర్తొచ్చిందో,
ముందు వరుసలో ఒకామె గుండెలమీద చెయ్యేసుకుంది.
గోడమీద నా ఎర్రగీత
పదకొండు వేసవుల మీదుగా కిందికి దిగుతోంది.
పిల్లలు వెలుగులో చేతులు పెట్టి
దానిమీద కుక్కని పరిగెత్తించారు.
కదిరి పోలమ్మ అడిగింది:
"ఆ ఎర్రదేటమ్మా, తాడా?"

కాదని చెప్పడానికి నేను
నాలుగు వాక్యాలు వాడాను.

అంతలో కరెంటు పోయింది.

చీకట్లో నా దగ్గర మిగిలింది నోరొక్కటే.
అవును, తాడే అన్నాను.
తాడుకి సీసా కట్టి దింపుతాం.
మొదటిసారి వెళ్ళినరోజు
సీసాకంటే ముందు నా పొద్దుటి ఇడ్లీ దిగింది.
హాలంతా నవ్వింది.
నలభై మీటర్లు అనబోయి
ఎందుకో చేతులు చాచి
ఇరవై రెండు బారలు అన్నాను.
అక్కడ నీటికి ఊపిరాడటం లేదు అన్నాను.

బీడీ నిప్పు ఒకటి ముందుకి జరిగింది.
వాసుపల్లి ఎల్లాజీ.
"ఇరవై రెండు బారలంటే ఏ పక్క?"
అక్షాంశం గొంతుదాకా వచ్చింది, మింగేశాను.
డాల్ఫిన్ నోస్ కొసా
వెనక యారాడ కొండా ఒక్కటయ్యేచోట.
"గుడ్డిరాయి" అన్నాడు.
"అడుగునీరు తేల్తే నాకు కాలికి తెలస్తాది.
జివ్వుమంటాది."
పదకొండేళ్ళ కిందటి జివ్వు
కాలికి గుర్తుంటుందా అని అడిగాను.
అతను చాలాసేపు బీడీ పీల్చాడు.
"ఉండదు" అన్నాడు.
కాసేపాగి, "మరైతే వల మార్చమంటావా,
మానీమంటావా?"

రెండొందల నలభై పేజీలు
లోపల గబగబా తిరగేశాను.
"తెలీదు" అన్నాను.

ఆ ఒక్క మాటకి మాత్రం
ఎవరూ అర్థం అడగలేదు.
"సదువుకున్నోలు ఆ మాటనడం
నానెప్పుడూ ఇన్లేదే" అంది పోలమ్మ.
"రేపు నాలుగ్గంటలకి రా.
నీ సీసా తెచ్చుకో" అన్నాడు ఎల్లాజీ.
"ఇడ్లీ తినకు."

కరెంటొచ్చింది.
గోడమీద గీత మళ్ళీ వెలిగింది,
ఈసారి నాక్కూడా కొంచెం తాడులా.

నాలుగేళ్ళలో ముప్పై తొమ్మిదిసార్లు వెళ్ళాను అక్కడికి.
నోటుబుక్కులో ప్రతిసారీ స్టేషన్ ఏడు అనే రాశాను.
దానికి ఒక పేరుందని
నన్ను ఎవరూ అడగలేదు,
నేనూ ఎవర్నీ.