రెండు గంటల పొద్దు

ఆత్మకూరు వెనకబడి, అడవి మొదలయ్యేచోట
నా చలివేంద్రం. నాలుగు కుండలు, బోద పందిరి,
డబ్బాలో ఉప్పు, సంచిలో నిమ్మకాయలు.
ఉగాదికి పదిరోజుల ముందునుంచే
తుంగభద్ర అవతలి జనం నడిచొస్తారు,
భుజాన కంబి, బొబ్బలెక్కిన కాళ్ళకు పేలికలు,
నోట మల్లయ్య పేరు తప్ప ఇంకో మాట ఉండదు.
నీళ్ళిస్తా. నీళ్ళతోపాటు
ఎవరూ అడగని మాట ఒకటి ఇస్తా:
భీమునికొలను మెట్లు ఎండ రాకముందే దిగండి,
పొద్దు ముదిరినాక ఆ కొండపక్కన కూర్చోవద్దండి.

పడుచోళ్ళు నవ్వుతారు.
"పట్టాలం మామకు ఎండంటే భయం" అంటాడు పుల్లన్న,
కుండలు నింపే పిల్లోడు. వాడూ నవ్వుతాడు.

అవును. భయమే.
కర్నూలోడికి ఎండంటే భయం నేర్పింది మంచు.

పదకొండేండ్లు పైన ఉన్నా.
చలికాలంలో కూడా కొండ జారుతుంది,
కానీ అప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాం.
మోసమంతా ఫాల్గుణంలో.
ఆకాశం తోమిన గిన్నె మాదిరి ఉంటుంది,
కోటు గుండీలు విప్పబుద్దేస్తుంది,
ఇంటికి జాబు రాయబుద్దేస్తుంది.
రాత్రంతా బిగిసిన మంచు
తెల్లారుజామున పాకం ముదిరిన బెల్లమచ్చు,
బూటుతో తన్నినా పెచ్చు లేవదు.
పదింటికి చెమ్మగిల్లుతుంది.
పన్నెండుకు మోకాలిదాకా దిగబడుతుంది.
ఆపైన, వాలు మీంచి చిన్నచిన్న ఉండలు
వాటంతటవే దొర్లుకుంటా వస్తాయి,
అవ్వ చేతిలోంచి జారిన సంగటి ముద్దల మాదిరి.
చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి.
అవి చూసినోడు వెనక్కి తిరగాల.

ఇదంతా నేగి చెప్పినాడు. గఢ్వాలోడు,
మంచుకు చెవొగ్గి వినేటోడు,
మా నాయన శెనక్కాయ చెవి దగ్గర ఆడించి విన్నట్టు.
"ఒకడు దాటినాక ఒకడు. వాలు కింద బీడీ కూడా ముట్టించొద్దు.
శిఖరం అంచున చూరు కనపడుతుందే,
దాని మీద నిలబడొద్దు. ఆ చూరు కింద గోడ లేదు."
అందరి నడుముకూ ఎర్రతాడు కట్టేవాడు,
ముప్పై గజాలు, తోక మాదిరి వెనక ఈడ్చుకుంటా పోవాల.
గజానికొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద బాణం గుర్తు:
మనిషి ఇటువైపున్నాడు.

ఆ పొద్దు రేషను ఆలస్యమైంది.
రెండు గంటలకు దాటినాం.
నేను దాటినా. నేగి నడిమిట్లో ఉన్నాడు.
కాళ్ళకింద నేల ఊపిరి విడిచినట్టు ఒక చప్పుడు,
అంతే వినపడింది నాకు.
తర్వాత మూరెడు ఎర్రతాడు కనపడింది.
బాణాలు పట్టుకుని తవ్వినాం.
బాణాలు అబద్ధం చెప్పలేదు.
మేమే ఆలస్యం.

ఈడ మంచు లేదు, నాకు తెలుసు.
నల్లమల రాళ్ళు ఎండకు కదుల్తాయని
ఎవరూ నాకు చెప్పలేదు.
పద్నాలుగేండ్లుగా నేను అరుస్తుంటే పడింది ఒకటే రాయి,
జొన్నగంపంత. అదీ కొండముచ్చులు దొర్లించింది.
ఎవరికీ తగల్లేదు.
అయినా రెండైతే నా చెవులు కొండవైపు తిరుగుతాయి,
నిమ్మకాయ కోసే కత్తి సగంలో ఆగుతుంది.
పుల్లన్నకిది తెలుసు. అప్పుడు మాత్రం నవ్వడు.

నిన్న సిరుగుప్ప దిక్కునుంచి ఒకామె వచ్చింది,
చంకలో బిడ్డ, తలమీద రొట్టెల మూట.
నా మాట పూర్తిగా విని "ఆయితప్పా" అనింది,
పందిరి కింద కొంగు పరుచుకుని పడుకుంది,
మూడోజాముకు లేచి పోయింది.
ఈ ఏడు విన్నది ఆమె ఒక్కతే.

నా తాడు ఇంకా నా దగ్గరే ఉంది.
చెంబు ఎవరూ ఎత్తుకుపోకుండా దాంతో కుండ మెడకు కట్టినా.
ఎండకు ఎరుపు దిగి ఇటుకరంగుకొచ్చింది.
పొద్దున చూస్తే పుల్లన్న తిరగేసి కట్టినాడు,
బాణాలన్నీ బాటవైపు చూపిస్తున్నాయి.
విప్పి, మళ్ళీ కుండవైపు తిప్పి కట్టినా.
ఎందుకని వాడు అడగలేదు.
నీళ్ళు మోసుకొచ్చి పోసినాడు.