తాలు

ఎనుమాముల మార్కెట్ల నాది కాంటా పని.
మిర్చి బస్తా మూతి విప్పంగనే చెప్త
ఏది తేజ, ఏది తాలు.
తాలంటే ఎరుపు దిగిపోయిన కాయ,
తెల్లబడ్డది, సగం ధర గూడ పలకనిది.
దాన్ని ఏరి పక్కకు పోసుడే
పదిహేనేండ్లుగ నా చదువు.

నక్కలగుట్టల, మూడో అంతస్తుల
డాక్టరమ్మ కాయిదం నా దిక్కు తిప్పింది.
మిలియన్లన్నది, శాతాలన్నది, కదలిక తక్కువన్నది.
నాకు ఒక్కటే మాట ఇనవడ్డది,
దినాం కుప్ప పక్కకు నేను తోసే మాట.

మెట్లు దిగేటప్పుడు వినోద ఏమనలే.
కింద చెరుకురసం బండి కాడ
రెండు గ్లాసులు చెప్పింది, ఐసు లేకుంట.
ఇంట్ల చెప్పాల్నా అని నేనడగలే,
ఆమె చెప్పలే.
గట్ల మొదలైంది.
ఈ మొత్తం యవ్వారంల పైస ఖర్చు లేకుంట అయింది
అదొక్కటే.

చిట్టి నష్టానికి పాడిన.
సూదులు ఫ్రిజ్ల, గుడ్లు పెట్టే అరల,
పుంటికూర పచ్చడి సీస పక్కన.
ఏందివి బిడ్డా అని అవ్వ అడిగితె
బలానికి అత్తమ్మా, అన్నది వినోద.
కొరత నాది, సూది ఆమెకు.
ఇది ఏ కాంట మీది తూకమో
నాకు ఇప్పటికీ తెల్వది.

రాత్రి తొమ్మిదింటికి సూది ఏసేది నేనే.
సీజన్ల నా చేతులు మండుతయి,
సబ్బుకు పోదు, కొబ్బరినూనెకు పోదు.
మొదటి దినం బొడ్డు పక్కన తోలు పట్టుకున్న.
సూది కంటె ముందు నా ఏళ్లే కాలినయి ఆమెకు.
అబ్బ అనలే.
లేచి పోయి గిన్నెల పెరుగు తెచ్చింది.
నా రెండు చేతులు అందుల ముంచి
టీవీ దిక్కు చూసుకుంట కూసున్నది
సీరియల్ అయిపోయేదాక.

పరకాలల మా చెల్లె స్వరూప బిడ్డ ఇరవై ఒకటో దినం.
తొట్లె ఊపెతందుకు ఒక్కొక్కల్ని పిలుస్తున్నరు.
వినోద కాడికి వచ్చేసరికి
తాడు ఆమెను దాటి అవతలి చేతికి పోయింది.
ఎవ్వరేమనలే. నవ్వుకుంటనే దాటిచ్చిన్రు.
ఆమె వంటల కాడికి పోయి ఉల్లిగడ్డలు కోసింది,
అవసరం లేనన్ని.
నేను బంతుల ఇస్తార్లు ఏస్తున్న.
ఒక్కటి తక్కువ పడ్డదని
ఎవరో కేకేస్తె ఉరికిన.

పద్నాలుగు దినాలు.
దగ్గొస్తె ఆపుకున్నది.
ఆటో గుంతల పడ్డప్పుడల్లా నా భుజం గిచ్చింది.
పదిహేనో దినం పొద్దుగాల
బాత్రూం తలుపు తియ్యలే.
నల్ల తిప్పిన సప్పుడు.
బకెట్ నిండి పొర్లిపోయేదాక
బయట నిలవడి ఇన్న.

ఆ రాత్రి కొట్లాడినం.
నీకేంది, డబ్బీల ఇచ్చి వస్తవు, అన్నది.
అన్నంక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.
నేనన్నది ఇక్కడ రాయ.

తెల్లారి అవ్వ చాయ తాగుకుంట
కొమురెల్లికి మొక్కుకొమ్మంటె మొక్కదాయె,
ఆ పిల్లకు పట్టింపే లేకపాయె, అన్నది.
అంతకుముందు ఇరవైసార్లు అన్నదే.
ఇరవైసార్లు నేను చాయ తాగిన్నే.

అవ్వా, తాలుకాయ నేను.

ఏందిరా, అన్నది.
మిర్చి ధర గురించి అనుకున్నది.
మళ్ల చెప్పవలసొచ్చింది,
ఈసారి మిర్చి లేకుంట,
డాక్టరమ్మ చెప్పిన మాటలతోని, నా పేరుతోని.

అవ్వ కప్పు కడిగి బోర్లేసింది.
శానసేపు కడిగింది.
ఫ్రిజ్ తీసింది.
గుడ్ల అరల నుంచి పచ్చడి సీస తీసి
కింది అరల పెట్టింది.
తలుపు ఏసింది.
ఇగ మాట్లాడలే, దినమంత.

మూడోసారి సూదులు సోమవారం వచ్చినయి.
ఇప్పుడు తొమ్మిదయితంది.
లోపటి అర్రల నుంచి వినోద,
చేతులు కడుక్కున్నవా?