మోరికి రంగు లేని దినం

కొత్తవాడల మా ఇంటెనక మోరి
మాకు గోడ మీది క్యాలెండర్ లెక్క ఉండేది.
ఎర్రగ పారితే జగిత్యాల పెండ్లి ఆర్డర్,
ఆకుపచ్చగ పారితే మసీదు జానిమాజులు,
నల్లగ పారితే ఏం పారిందో
ఎవ్వలు అడగకపోయేది.
పోరగాళ్లం కాగితం పడవలేస్తే
అవతలి గల్లీకి చేరేసరికి
పడవ రంగు మారేది.

అద్దకం ఓదెలు కాక చేతులు
మోచేతుల దాక ఒక రంగు, గోర్లల్ల ఇంకో రంగు.
డబ్బాల పొడి, కాస్టిక్, కుతకుత ఉడికే నీళ్లు.
ముప్పై ఏండ్లు.
చేనేత పింఛన్ కాడ మిషన్ మీద వేలు పెడితే
'మళ్ల పెట్టు' అన్నరు.
పెట్టిండు. మళ్ల పెట్టు.
పది వేళ్లు ఒడిసినంక పిలగాడు తలెత్తి
'తాతా, నీకు వేలిముద్రల్లేవు' అన్నడు.
కాక నవ్విండు గని
ఆ రాత్రి బుగ్గ కింద కూసోని
వేళ్లు తిప్పి తిప్పి చూస్కుంటుంటే
నేను చూసి చూడనట్టున్న.

ఆ ఎండకాలమే ములుగు నుంచి
కరక్కాయల సంచి మోసుకొచ్చిండు.
రాలిన మోదుగుపూలు ఏరి మిద్దె మీద ఎండేసిండు.
హోటలోళ్ల కాడ ఉల్లిగడ్డ పొట్టు,
జ్యూస్ బండి కాడ దానిమ్మ తొక్కలు.
సైకిల్ షాపుల తుప్పువట్టిన మేకులు తెచ్చి
బెల్లం నీళ్లతోటి కుండల పోసి మూతి కట్టి
ఇరవై దినాలు ముట్టొద్దన్నడు.
వాడకట్టంత ముక్కు మూసుకున్నది.
'వీడు సారా కాసుడు మరిగిండు' అన్నది మా అవ్వ.

మొదటి పసుపు రెండు ఉతుకులకే ఎల్లిపోయింది.
తర్వాతి ఎరుపు ఎరుపే కాదు,
రొట్టె మాడిన రంగు.
హైదరాబాద్ బేరగాడు రంగుల అట్ట ముందటవెట్టి
'ఇదే కావాలె, ఈ నంబరే, ప్రతిసారి ఇదే' అంటే
కాక అట్ట తిప్పి తిప్పి చూసి అడిగిండు:
'ఏ ఏటి వానది, ఈ నంబరు?'

ధర పెద్దదే. అబద్ధమెందుకు.
పొయ్యి కట్టెలు తింటది, నీళ్లు ఊరికే రావు.
నాలుగు మగ్గాలకు సాలే దారంతోని
నాలుగొందల మగ్గాలు ఎట్ల బతుకుతయని
సంఘంల అడిగినోళ్లు తప్పడగలే.
కాక కాడ జవాబు లేదు.
ఉన్నది ఒక్క గోలెం.

నీలి గోలెం.
సూడిగొడ్డు లెక్క చూస్కోవాలె దాన్ని.
సల్లవడొద్దు, ఆకలిగొనొద్దు,
తవుడు పెట్టాలె, సున్నం చూడాలె,
పొద్దుగాల లేచి వాసన చూసి
రాత్రి ఎట్ల నిద్రవోయిందో చెప్పాలె.

నిన్న నన్ను పిలిచి లడి పట్టమన్నడు.
ముంచినప్పుడు తెల్లది. తీస్తే
పచ్చ. లేత చింతాకు పచ్చ.
'తప్పింది కాకా!' అన్న.
'నోర్మూసుకో. గాలి తగలనీ.'
నా రెండు చేతుల నడుమ
పచ్చ అంచుల నుంచి వెనక్కి జరిగి జరిగి
నీలమైంది.
ఎవ్వలు ముట్టలే.

మోరిల నీళ్లు నీళ్ల రంగులనే ఉన్నయ్.
పోరగాళ్లు వచ్చి వంగి చూసి
'ఇయ్యాల పని లేదా తాతా' అనుకుంట పోయిండ్రు.

కాక కరక్కాయ నలుపు పిండుతుండు.
వేళ్ల కొసలల్ల ఇరికిన నలుపు
సుడులు సుడులుగ, మాసిన ముగ్గోలె.
ఎక్కడ దాక్కున్నయో ఇన్నేండ్లు.
సోమారం మళ్ల పింఛన్ కాడికి పోవాలె.
మిషన్‌కు పడతయో పడయో.
సబ్బు పెట్టకుంట పోతనంటుండు.