తడి పలక

రాయిని గోటితో కొట్టి వింటాం మేము.
ఖణ్ అంటే పలకవుద్ది.
డబ్ అంటే లోపల పగులుంది, కుప్పలో పడెయ్.
మార్కాపురం షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా
నాకు తెలిసిన సంగీతం ఆ రెండు ముక్కలే.

శనివారం మా కాశింబీ బడినుంచి ఒక డబ్బా తెచ్చింది.
సోమవారానికల్లా తిరిగివ్వాలంట,
ఒక్క ముక్క తగ్గినా తిరుపాలు సారు జీతంలో కోతంట.
మూత తీస్తే అగ్గిపెట్టెలంత బిళ్ళలు:
ఒకటి కరెంటిచ్చేది, ఒకటి మెలి తిప్పేది,
ఒకటి అరిచేది, రెండు తోకలున్నది ఇంకోటి.
టంకం లేదు, మర లేదు,
దగ్గరికి తెస్తే చాలు
అయస్కాంతాలు చుట్టరికం గుర్తొచ్చినట్టు టక్కున అతుక్కుంటాయి.
తిరగేసి పెట్టావా,
పంపకాలనాటి అన్నదమ్ముల్లా మొహాలు తిప్పుకుంటాయి.

కుయ్‌మంది.
గోడవతల మస్తానమ్మ, "పిల్లినేం చేశారే!" అంది.

తోకలు రెండూ నిమ్మకాయకు గుచ్చమని కాగితంలో ఉంది.
నిమ్మకాయ ఐదు రూపాయలు.
"పలకమీద పెట్టు, పేరులోనే ఉంది గదా పలకడం"
అన్నాడు ఎదురింటి చెన్నకేశవులు.
పెట్టింది. మూగ.
బలపంతో ఈ తోకనుంచి ఆ తోకదాకా గీత గీసింది. మూగే.
"రాయిమీద రాయి గీస్తే ఏం పలికిద్దే" అన్నా నేను,
చెక్క ఫ్రేముకు మేకు కొడతా.

దానికి కోపమొచ్చింది.
తుపుక్కున ఉమ్మేసి అరచేత్తో రుద్దింది,
అచ్చం నేను ఒకటో తరగతిలో రుద్దినట్టే.

పలక కేకేసింది.

నా చేతిలో సుత్తి అట్నే ఉండిపోయింది.
కేక దిగి, దిగి, బొంగురుపోయి,
టక్... టక్... అని మెట్లు లెక్కపెట్టుకుంటా
ఎక్కడో ఆగిపోయింది.
వంగి చూస్తే పలక ఆరింది. అంతే.

ఇంక పట్టపగ్గాలున్నాయా!
క్యాను నీళ్ళలో వేలు ముంచి గీశారు.
పదిహేను రూపాయల తియ్యటి నీళ్ళు
నిద్దట్లో గురకలా రెండుసార్లు మూలిగి పడుకున్నాయి.
తర్వాత బోరు నీళ్ళు.
మేం తాగని నీళ్ళు,
పప్పు ఉడకనియ్యని నీళ్ళు,
చిన్నప్పుడే నా పళ్ళమీద పసుపు చారలు గీసిపెట్టిన నీళ్ళు.
వేలితో ఒక్క గీత,
వీధి చివర సోడాబండి అతను తలెత్తి చూశాడు.
"ఉప్పుంటే కరెంటు బాగా నడిచిద్ది నాయినా" అంది కాశింబీ.
ఇన్నాళ్ళకు ఆ బోరుకొక పనికొచ్చే గుణం దొరికింది.

షెడ్డునుంచి తొమ్మిది పలకలు మోసుకొచ్చా,
కుప్పలోంచి తీసిన పదోది కూడా.
వరసగా పరిచి నీళ్ళు పూస్తా పోయారు.
లావు గీత పైకి పాడింది, సన్న గీత కిందికి,
తోకలు ఒక పలకనుంచి ఇంకోదానికి గెంతుతుంటే
ఏదో పాట కాబోయి కాలేదు.
వైశాఖం ఎండ!
చివరి పలకకు పూసేసరికి మొదటిది ఆరిపోద్ది.
చెంబుతో ఒకరు, వేలితో ఒకరు,
ఎండతో పరుగు పందెం,
గెలిచింది ఎండే ప్రతిసారీ.

పన్నెండింటికి చెంబు ఖాళీ.
తొమ్మిదీ ఆరి నల్లగా చూస్తున్నాయి.
పదోదానిమీద తోకలు మర్చిపోయినట్టున్నారు,
అదొక్కటే ఇంకా కూ అంటా ఉంది.
పగులులో ఇంత తడి దాచుకుంది,
దర్జీ నోట్లో దారం తడిలాగా.
ముగ్గురం అన్నం మానేసి కూర్చుని
అది అయిపోయేదాకా విన్నాం.

సోమవారం డబ్బా వెళ్ళిపోయింది. ముక్కల లెక్క సరిపోయింది.
షెడ్డులో మధ్యాహ్నం ఒక రాయి చేతికొచ్చింది.
గోటితో కొట్టా.
డబ్.
పక్కన పెట్టా,
ఎప్పుడూ పెట్టే పక్కన కాదు.