గది నిశ్శబ్దం, ముప్పై సెకన్లు

ముందుగా ఫ్రిజ్ ఆపుతాను.
ఇంటి తాళంచెవి అందులోనే, పెరుగు డబ్బా మీద పెడతాను.
మళ్లీ స్విచ్ వెయ్యకుండా గడప దాటకూడదు కదా,
కొంగు లేని బట్టల్లో ఇదే నా కొంగుముడి.

తర్వాత మెట్లకింది అరలో దూరతాను.
రెండు బొంతలు, ఒక పాత పరుపు, నాలుగు చలికోట్లు,
మోకాళ్ల మధ్య మైకు.
గ్రిమ్స్‌బీ మొత్తం బయట ఉండిపోతుంది,
చేపల లారీలు, రేవు గాలి, పక్కింటి కుక్క.
సీగల్ పక్షులు మాత్రం ఉండవు.
పొగగొట్టం మీద కూర్చుని
నా ప్రతి వాక్యానికీ ఊఁ కొడతాయి.

అయిదో పాఠం: అమోనియా లీకైతే ఏం చెయ్యాలి.
కోల్డ్ స్టోరేజీలో రాత్రిపని వాళ్లకి.
పాతదానిలో తెర నిండా అక్షరాలుండేవట,
వాటినే ఒక యంత్రం గొంతు చదివేదట.
జనం దాని మానాన దాన్ని వాగనిచ్చి
శాండ్‌విచ్ తినేవాళ్లట.
"తెర మీద ఉన్నది చదవకు," అన్నాడు క్లైవ్ హోల్ట్‌బీ,
"లేనిది చెప్పు."
మేనేజర్లు కూడా అప్పుడప్పుడు
పొరపాటున మంచి మాట అంటారు.

అయిదో తరగతిలో సత్యవేణి టీచరు
నోటి ముందు కాగితం ముక్క పట్టించేది.
'పలక' అంటే కదలకూడదు.
'ఫలం' అంటే ఎగరాలి, అదీ పళ్లు పెదవికి తగలకుండా.
ఎగరకపోతే ఒత్తు లేదు, ఒత్తు లేకపోతే మార్కు లేదు.
ఇప్పుడు అదే నోటి ముందు నల్లటి వల.
ప్రెషర్, పైప్, పానిక్,
ఇంగ్లీషు 'ప'లన్నీ దొంగ ఒత్తులే,
తలుపు తన్నుకుంటూ వచ్చి మైకు మీద పడతాయి.
ముఖం కాస్త పక్కకి తిప్పి పలుకుతాను,
పాలు పొంగకుండా మూత ఓరగా పెట్టినట్టు.

రాత్రికి కోత పని.
తెర మీద నా గొంతు, కొండల వరసలా.
నాలుక చప్పుళ్లు, కుర్చీ కిర్రులు, ఊపిరులు,
బెండకాయ ముచ్చికల్లా ఒక్కొక్కటీ తీసేస్తాను.
కోసిన చోటు ఉత్త ఖాళీగా వదిలితే
చెవి ఉలిక్కిపడుతుంది, మెట్టు తప్పినట్టు.
అందుకే ముందే ముప్పై సెకన్లు
పెదవి విప్పకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుంచుతాను.
దాన్ని మాసికలు వేస్తాను.
నిశ్శబ్దానికీ రంగుంటుంది, దారం కలవాలి.

"అలారం మోగగానే" అన్న చోట
ఒక్క ఊపిరి మాత్రం వదిలేశాను.
చేతులు రాలేదు. బద్ధకమే అనుకోండి.

నవంబరు సాయంత్రం, పదో నంబరు బస్సు.
"ఫ్రీమన్ స్ట్రీట్‌కి ఒకటి" అన్నానంతే,
వెనక సీట్లోంచి ఒకామె లేచి నిలబడింది.
"నువ్వు అమోనియావి!"
బస్సంతా నావైపు తిరిగింది,
ఒకాయన మఫ్లరు ముక్కు మీదకి లాక్కున్నాడు.

పేరు దైవాట. లిథువేనియా.
మా మాటలో ఆ పేరుకి అర్థం ఇదీ అని
చెప్పబోయి ఊరుకున్నాను.
మణికట్టు మీద చేప పొలుసొకటి మెరుస్తోంది.
ఆ పాఠం పధ్నాలుగుసార్లు విందట.
పరీక్ష కోసం కాదు, అది మొదటిసారే పాసయింది.
ఇంగ్లీషు కోసం. పడుకునే ముందు, దుప్పటి కప్పుకుని.
సీటు కమ్మీ పట్టుకుని అప్పజెప్పింది,
"అలారం మోగగానే" అని,
ఊపిరి పీల్చి,
"అన్నీ వదిలెయ్యండి. ఆకుపచ్చ తలుపు. పరిగెత్తొద్దు."
ఊపిరి కూడా పాఠంలోదే అనుకుంది.
'తలుపు' దగ్గర చిన్న సాగతీత,
అది నాది కూడా కాదు,
సత్యవేణి టీచరుది.

ఇవాళ ఏడో పాఠం.
ఫ్రిజ్ ఆపాను. తాళంచెవి పెరుగు మీద.
రెండో వాక్యం మధ్యలో పైన సీగల్ అరిచింది.
ఆగలేదు, చదువుకుంటూ పోయాను.
క్లైవ్ అడిగితే చెబుతాను,
ఈ ఊళ్లో సీగల్ లేని నిశ్శబ్దాన్ని
ఎవరూ నమ్మరని.